బర్గర్ వెంట ఢిల్లీ

ఢిల్లీలో మంచి బర్గర్ ఎక్కడ దొరుకుతుందని ఒకే ఇంట్లో ముగ్గుర్ని అడిగితే మూడు దారులు చూపిస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, క్వార్టర్లలో కాపురం చేసి రిటైరైన తాతగారు కన్నాట్ ప్లేస్‌లోని నిరులాస్ పేరు చెబుతారు. తొంభైల్లో కాలేజీ చదివిన కొడుకు వసంత్ విహార్‌లో ప్రియా సినిమా హాలు పక్కకు వెళ్ళమంటాడు. మనవరాలు ఎక్కడికీ వెళ్ళమనదు, ఫోన్ తీసి ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూస్తుంది.

ముగ్గురూ చెప్పేది నిజమే. ఈ ఊళ్ళో బర్గర్ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. మధ్యతరగతి కుటుంబాలు సాయంత్రం పూట ఎక్కడ తిరిగితే అక్కడికి మకాం మార్చుకుంటూ వచ్చింది. అందుకే బర్గర్ కొట్లు వెలిసిన క్రమాన్ని పట్టుకుని నడిస్తే గత యాభై ఏళ్ళలో ఢిల్లీ నడిబొడ్డు ఎటెటు జరిగిందో తెలుస్తుంది. కేంద్రం కన్నాట్ ప్లేస్ నుంచి దక్షిణ ఢిల్లీకి, అక్కడి నుంచి సాకేత్ మాల్స్‌కి, చివరికి హద్దు దాటి హర్యానాలోకి జరిగింది.

కథ కన్నాట్ ప్లేస్ దగ్గరే మొదలవుతుంది. రాబర్ట్ టోర్ రస్సెల్ అనే ఆర్కిటెక్టు నమూనా గీసిన ఈ గుండ్రటి బజారు కట్టుబడి 1929లో మొదలై 1933కి పూర్తయింది. తెల్లటి స్తంభాల వరండాలు, పైన ఇళ్ళు, కింద దొరల కోసం దుకాణాలు. ఒక స్విస్ జంట 1926లో మొదలుపెట్టిన వెంగర్స్ బేకరీ ఇక్కడి 'ఎ' బ్లాకులో ఇప్పటికీ నడుస్తోంది. ప్యాటీలు, పేస్ట్రీలు అట్టపెట్టెలో కట్టించుకుని దారానికి వేలాడదీసుకుని ఇంటికి వెళ్ళడం పాత ఢిల్లీ కుటుంబాలకు ఒక ముచ్చట. గోధుమ రొట్టెలు తినే ఊరికి మైదా బన్ను అలవాటు చేసింది ఇలాంటి బేకరీలే. ఆ తర్వాత 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ పేరుతో రొట్టెల కంపెనీ పెట్టి పెద్ద నగరాల్లో బ్రెడ్డును మామూలు ఇళ్ళ దాకా చేర్చింది. బర్గర్ రావడానికి ముందే దాని పైకప్పు, కింది పీట సిద్ధమైపోయాయి.

అదే కన్నాట్ ప్లేస్‌లో లక్ష్మీచంద్, మదన్ అనే నిరులా సోదరులు 1934లో హోటల్ ఇండియా తెరిచారు. కాలాన్నిబట్టి వేషం మార్చడంలో ఆ కుటుంబానిది అందెవేసిన చెయ్యి. 1950లో చైనీస్ రూమ్ పెట్టి ఢిల్లీవాళ్ళకు నూడుల్స్ రుచి చూపించారు. ఆ తర్వాత కాఫీ, తందూరీ అంటూ రకరకాల గదులు తెరిచారు. రెండో తరం వారైన లలిత్, దీపక్ నిరులా అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హోటల్ నిర్వహణ చదువుకున్నారు. అక్కడ చూసిన పద్ధతిని 1977లో ఎల్ బ్లాకులో దించారు. ముందు డబ్బు కట్టాలి, చీటీ తీసుకోవాలి, కౌంటర్ దగ్గర నిలబడి తెచ్చుకోవాలి. బేరర్ వచ్చి సలాం కొట్టే హోటళ్ళకు అలవాటుపడిన ఊరికి అదో వింత.

ఆ ఏడాదే ఎమర్జెన్సీ ముగిసి జనతా ప్రభుత్వం వచ్చింది, కోకాకోలా దేశం వదిలి వెళ్ళిపోయింది. కాబట్టి ఢిల్లీ తన మొదటి బర్గర్లను కోక్ లేకుండానే తిన్నది. పక్కన గ్లాసులో ఉన్నది ఢిల్లీకి చెందిన ప్యూర్ డ్రింక్స్ వాళ్ళ కాంపా కోలా, లేకపోతే ప్రభుత్వమే తయారుచేసిన డబుల్ సెవెన్. డబుల్ సెవెన్ తీసినదీ, ఊరికి బ్రెడ్డు అమ్మిన మోడరన్ కంపెనీయే.

నిరులాస్ బర్గర్‌లో ఉన్నది అమెరికా వాళ్ళ గొడ్డుమాంసం కాదు, మటన్ ఖీమా. అల్లం, పచ్చిమిర్చి తగిలిన ఆ బిళ్ళ రుచి షమ్మీ కబాబ్‌కి దగ్గరి చుట్టం. జామా మసీదు వీధుల్లో కబాబ్‌ని రొట్టెలో చుట్టుకుని తినడం ఎరిగిన ఊరు కనుక, మాంసాన్ని రొట్టె మధ్య పెట్టడం ఎవరికీ వింతగా తోచలేదు. వింత ఆ గదిది. చల్లటి ఏసీ, ప్లాస్టిక్ ట్రే, కాగితం నాప్కిన్, పక్క టేబుల్ దగ్గర జీన్స్ తొడుక్కున్న కాలేజీ పిల్లలు. బిగ్ బాయ్ బర్గర్ తిని, పైన హాట్ చాక్లెట్ ఫడ్జ్ తినకపోతే ఆ సాయంత్రం లెక్కలోకి రాదు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు ప్రోగ్రెస్ కార్డు పట్టుకెళితే ఐస్‌క్రీమ్ ఉచితంగా ఇచ్చేవారు. ఇప్పుడు యాభై దాటిన ఢిల్లీవాళ్ళలో చాలామందికి నిరులాస్ పేరు చెప్పగానే ముందు ఆ కార్డే గుర్తొస్తుంది.

ఎనభైల్లో బ్రిటన్ నుంచి వింపీ వచ్చి అదే కన్నాట్ ప్లేస్‌లో దిగింది. ఆసియా క్రీడల కోసం 1982లో ఊరంతా ఫ్లైఓవర్లు, స్టేడియాలు కట్టిన కాలమది. టీవీకి రంగులు వచ్చాయి, మారుతి కారు వచ్చింది, నాన్న స్కూటర్ మీద ముందొకడు వెనకొకడు కూర్చుని పిల్లలు బర్గర్ తినడానికి వచ్చారు. వింపీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూడటం, బయటివాళ్ళు తమను చూడటం తిండితో సమానమైన సరదా. రుచి విషయంలో మాత్రం పాతవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. వింపీ బర్గర్ చప్పగా ఉండేదనీ, నిరులాస్ ముందు నిలవలేదనీ ఒక వర్గం. బన్ను మెత్తదనంలో వింపీదే పైచెయ్యి అని ఇంకో వర్గం.

ఈ ఏసీ గదులకు సమాంతరంగా వీధిలో ఇంకో బర్గర్ నడుస్తూనే ఉంది. దాన్ని బన్ టిక్కీ అంటారు. దానికి సంస్థ లేదు, స్థాపించిన తేదీ లేదు, ఉన్నది తోపుడుబండి మాత్రమే. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తర ప్రాంగణం పక్కనున్న కమలా నగర్‌లోనో, లాజ్‌పత్ నగర్ బజారులోనో సాయంత్రం ఐదు తర్వాత నిలబడితే తయారయ్యే తీరంతా చూడొచ్చు. బండి మీద వెడల్పాటి ఇనప పెనం ఉంటుంది, మధ్యలో కాస్త లోతు. ఉడికించి చిదిమి, ఉప్పూ కారం కొత్తిమీర కలిపిన బంగాళాదుంప టిక్కీలు సగం వేగి పెనం అంచున వరసగా కాచుకుని ఉంటాయి. ఎవరైనా అడగ్గానే బండివాడు ఒకదాన్ని మధ్యలో కాగుతున్న నూనెలోకి తోసి, అట్లకాడతో గట్టిగా అదుముతాడు. టిక్కీ అంచులు పగిలి, పగిలిన చోటల్లా ఎర్రగా కరకరలాడుతూ వేగుతుంది. అసలు కిటుకు ఆ అదమడంలోనే ఉంది. అదమకపోతే లోపల మెత్తగా, ముద్దగా ఉండిపోతుంది.

ఈలోగా బన్నును అడ్డంగా కోసి, వెన్న రాసి, టిక్కీ వేగిన జాగాలోనే బోర్లిస్తాడు. ఒక చెక్కకు పుదీనా కొత్తిమీర పచ్చడి, రెండో చెక్కకు టమాటా సాస్ లేదా చింతపండు తీపి పచ్చడి. మధ్యలో టిక్కీ, ఉల్లిపాయ చక్రాలు, చిటికెడు చాట్ మసాలా. అమెరికాలో బర్గర్‌ని ఎలా నిర్వచిస్తారో ఆ బండివాడికి అక్కర్లేదు. కానీ వేడి, పులుపు, కరకర, మెత్తదనం ఒక్క కొరుకులో కలవాలన్న సూత్రం అతనికి బాగా తెలుసు. మంగళవారాలు, నవరాత్రులు మాంసం ముట్టని ఉత్తరాది ఇళ్ళకు ఈ బన్ టిక్కీ ఏ అభ్యంతరమూ లేని చిరుతిండి. యూపీఎస్సీ కోచింగ్ కోసం పాత రాజేందర్ నగర్ చేరిన తెలుగు పిల్లలు మెస్సులో పప్పన్నం తిన్నా, సాయంత్రం లైబ్రరీ నుంచి బయటపడ్డాక ఇలాంటి బండి దగ్గరికే చేరతారు.

దేశం తలుపులు తెరుచుకున్నది 1991లో. ప్రధాని పీవీ నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ చేపట్టిన సంస్కరణలతో విదేశీ తిండి కంపెనీలకు దారి ఏర్పడింది. కానీ ఆ దారి నున్నగా లేదు. కెంటకీ ఫ్రైడ్ చికెన్ 1995లో బెంగళూరులో మొదటి దుకాణం తెరిచి, ఆపైన ఢిల్లీకీ వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే ఢిల్లీ ఆరోగ్యశాఖ అధికారులు వంటగదిలో ఈగలు కనిపించాయని దాన్ని మూయించారు. మరుసటి జనవరిలో బెంగళూరు దుకాణం మీద రైతు సంఘం వాళ్ళు దాడి చేశారు. వీధి బండ్ల మీద ముసిరే ఈగల్ని రోజూ చూసే ఢిల్లీ జనం ఆ వార్త చదివి నవ్వుకున్నారు. కంపెనీలకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ వాతావరణంలో మెక్‌డొనాల్డ్స్ ఆచితూచి అడుగు వేసింది. ఉత్తరాదికి విక్రమ్ బక్షీ, పడమటికి అమిత్ జటియా భాగస్వాములయ్యారు. 1996 అక్టోబరు 13న వసంత్ విహార్‌లోని బసంత్ లోక్ బజారులో దేశంలోనే మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరుచుకుంది. ప్రపంచంలో ఎక్కడా లేనట్టు ఇక్కడ గొడ్డుమాంసం లేదు, పందిమాంసమూ లేదు. బిగ్ మ్యాక్ స్థానంలో మహారాజా మ్యాక్ వచ్చింది, మొదట మటన్‌తో, తర్వాత చికెన్‌తో. శాకాహారం వండే చోటు వేరు, మాంసాహారం వండే చోటు వేరు. ఆకుపచ్చ ఏప్రన్ కట్టుకున్నవాళ్ళు మాంసం వైపు రారు. మయనైజ్‌లో గుడ్డు లేదు.

మొదటి దుకాణం కన్నాట్ ప్లేస్‌లో కాకుండా బసంత్ లోక్‌లో ఎందుకు? జవాబు ప్రియా సినిమా హాలు. అజయ్ బిజ్లీ కుటుంబానికి చెందిన ఆ హాలును తొంభైల మొదట్లో బాగుచేసి హాలీవుడ్ సినిమాలు వేయడం మొదలుపెట్టారు. వసంత్ విహార్ చుట్టూ ఉన్నతోద్యోగుల ఇళ్ళు, రాయబార కార్యాలయాల సిబ్బంది ఇళ్ళు, కొంచెం అవతల జేఎన్‌యూ, ఐఐటీ. కొత్త సినిమా చూసి, అదే ఆవరణలో తిని, పుస్తకాల షాపులో తిరిగి ఇంటికి చేరే కుర్రకారు తయారైంది. ఆ బిజ్లీయే 1997లో సాకేత్‌లోని అనుపమ్ హాలును దేశంలో మొదటి మల్టీప్లెక్స్‌గా మార్చి పీవీఆర్ సంస్థకు పునాది వేశాడు. దాంతో దక్షిణ ఢిల్లీవాళ్ళకు సాయంత్రం గడపడానికి కన్నాట్ ప్లేస్ దాకా పోవాల్సిన పని తప్పింది. జేఎన్‌యూ హాస్టళ్ళలోని తెలుగు విద్యార్థులు, అమెరికా విరోధ పోస్టర్లు అంటించినవాళ్ళతో సహా, స్కాలర్‌షిప్ చేతికందిన రోజున బసంత్ లోక్ ముఖం చూసినవాళ్ళే.

దుకాణం వెనక జరిగిన పని ఇంకా పెద్దది. ఒకే సైజు, ఒకే ఎత్తు, పైన నువ్వులు సమానంగా అంటిన బన్నులు వేలకొద్దీ కావాలి. అప్పట్లో అలాంటివి చేసేవాళ్ళు ఉత్తరాదిలో లేరు. ఆ అవసరం పంజాబ్‌లో ఫిల్లౌర్ దగ్గరున్న క్రీమికా కర్మాగారాన్ని మార్చేసింది. దాన్ని స్థాపించిన రజనీ బెక్టర్ కరాచీలో పుట్టి, దేశవిభజన తర్వాత ఢిల్లీ చేరి, ఇక్కడి మిరాండా హౌస్ కాలేజీలో చదువుకున్న మనిషి. పెళ్ళయి లూథియానా వెళ్ళాక, పిల్లలు బోర్డింగ్ స్కూళ్ళకు వెళ్ళిపోయాక, ఇంటి పెరట్లో ఐస్‌క్రీమ్ చేసి అమ్మడంతో వ్యాపారం మొదలుపెట్టింది. మెక్‌డొనాల్డ్స్‌కి బన్నులు, సాస్‌లు సరఫరా చేసే స్థాయికి ఎదిగింది. 2020 డిసెంబరులో ఆ కుటుంబ కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి, మరుసటి ఏడాది ఆవిడకు పద్మశ్రీ ప్రకటించారు. లెట్యూస్ ఆకు మహారాష్ట్రలోని తలేగావ్ నుంచి, చీజు బారామతి నుంచి, బంగాళాదుంపలు గుజరాత్ పొలాల నుంచి వచ్చాయి. చల్లటి లారీల్లో సరుకు పాడవకుండా దేశం చుట్టబెట్టే ఏర్పాటును కొట్టు తెరవడానికి కొన్నేళ్ళ ముందు నుంచే సిద్ధం చేసుకుంటూ వచ్చారు.

ఇంత చేసినా ఢిల్లీ మనసు గెలిచింది మహారాజా మ్యాక్ కాదు, ఆలూ టిక్కీ. వీధి బండి మీది బన్ టిక్కీనే కంపెనీ తన వంటగదిలోకి తీసుకెళ్ళింది. బంగాళాదుంప, బఠాణీ కలిపిన బిళ్ళ, ఉల్లిపాయ, టమాటా, ఎర్రటి మయనైజ్, అంతే. 2004లో దీన్ని ఇరవై రూపాయల పట్టికలో పెట్టడంతో బర్గర్ ధనవంతుల బస్తీ దాటి బయటికొచ్చింది. ఢిల్లీ మెట్రో మొదటి రైలు 2002 డిసెంబరు 24న షాదరా, తీస్ హజారీల మధ్య నడిచింది. రైలు ఎటు వెళితే అటు స్టేషన్లలో, మాల్స్‌లో బర్గర్ కొట్లు వెలిశాయి. ఖేల్ గావ్ మార్గ్‌లో 1999లో తెరిచిన అన్సల్ ప్లాజా మెట్ల మీద కూర్చుని ఆలూ టిక్కీ తిన్న జంటలు ఇప్పుడు తమ పిల్లల పుట్టినరోజులకు లెక్కలు వేసుకుంటున్నాయి.

వీధి టిక్కీ మేలా, కంపెనీ టిక్కీ మేలా అన్నది ఢిల్లీలో తెగని పంచాయితీ. న్యాయంగా చెప్పాలంటే రుచిలో వీధిదే గెలుపు. పెనం మీద అప్పటికప్పుడు అదిమి వేయించిన టిక్కీకి ఉండే కరకర, ముందే గడ్డకట్టించి తెచ్చి నూనెలో ముంచిన బిళ్ళకు రాదు. కంపెనీ గెలిచేది శుభ్రమైన కుర్చీ దగ్గర, బాత్రూమ్ దగ్గర, ఆడపిల్లలు ఒంటరిగా కూర్చున్నా ఎవరూ తేరిపార చూడని వెలుతురు దగ్గర. ఢిల్లీలాంటి ఊళ్ళో ఆ చివరిది చిన్న విషయం కాదు.

నిరులాస్ ఈ పోటీలో వెనకబడింది. 2006లో కుటుంబం ఆ సంస్థను నావిస్ క్యాపిటల్ అనే పెట్టుబడిదారులకు అమ్మేసింది. పేరు మిగిలింది, హాట్ చాక్లెట్ ఫడ్జ్ మిగిలింది, ఊరికి పెద్దన్న హోదా మాత్రం చేజారింది. దీపక్ నిరులా 2022లో కన్నుమూసినప్పుడు ఢిల్లీ పత్రికలు ఆయన్ను తలుచుకున్న తీరులో వ్యాపారం కన్నా బాల్యం గురించిన మాటలే ఎక్కువ.

గెలిచినవాళ్ళ ఇంట్లోనూ గొడవలు వచ్చాయి. 2013 ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ విక్రమ్ బక్షీని మేనేజింగ్ డైరెక్టర్ పదవి నుంచి తప్పించింది. వ్యవహారం ట్రిబ్యునళ్ళకెక్కింది. 2017 జూన్ 29న ఢిల్లీవాళ్ళు పొద్దున్నే వెళ్ళి చూసేసరికి నగరంలోని 55 దుకాణాల్లో 43 మూసి ఉన్నాయి. తిండి అమ్మే లైసెన్సులు రెన్యూ కాలేదన్నది కారణం. ఆగస్టులో కంపెనీ ఉత్తర, తూర్పు భారతంలోని 169 దుకాణాల ఒప్పందాన్నే రద్దు చేసింది. అయినా కొన్ని తెరిచే ఉంచారు, కొన్ని మూశారు, ఏది ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియలేదు. 2019 మేలో రాజీ కుదిరి బక్షీ తన వాటా వదులుకున్నాడు. 2020లో సంజీవ్ అగ్రవాల్ కొత్త భాగస్వామిగా వచ్చాడు. ఇరవై ఏళ్ళ పాటు పిల్లల పుట్టినరోజులు జరిపిన కొట్టు తలుపుకు తాళం వేసి ఉండటం చూసి, పక్క వీధి టిక్కీ బండి వైపు తిరిగిన కుటుంబాలు ఆ వేసవిలో తక్కువేమీ కాదు.

ఈలోగా కేంద్రం మళ్ళీ జరిగింది, ఈసారి సాకేత్‌కి. 2007లో తెరిచిన సెలెక్ట్ సిటీవాక్ మాల్ దక్షిణ ఢిల్లీ సాయంత్రాలను తనవైపు లాక్కుంది. బర్గర్ కింగ్ దేశంలో తన మొదటి దుకాణాన్ని 2014 నవంబరు 9న తెరిచింది ఇక్కడే. తెరవకముందే ఈబే సైట్‌లో వాపర్ బర్గర్‌ను ముందస్తుగా అమ్మింది. మటన్, చికెన్, శాకాహారం మూడు రకాల వాపర్లు పెట్టింది. గొడ్డుమాంసం, పందిమాంసం ఇక్కడా లేవు. మరుసటి ఏడాది ఆగస్టులో కార్ల్స్ జూనియర్ అదే మాల్‌లో దిగింది. అదే 2015లో వెండీస్ ఢిల్లీని దాటి గుర్గావ్ సెక్టర్ 29ని ఎంచుకుంది.

గొడ్డుమాంసం సంగతి ఒకసారి చెప్పుకుంటే తప్ప ఢిల్లీ బర్గర్ అర్థం కాదు. 1994 నాటి ఢిల్లీ వ్యవసాయ పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవు, దూడ, ఎద్దు, ఆంబోతుల వధ నేరం, ఆ మాంసం దగ్గర ఉంచుకోవడమూ నేరమే. గేదె ఆ పట్టికలో లేదు. జామా మసీదు దగ్గర బొగ్గుల మీద కాలే కబాబుల్లో చాలావరకు గేదె ఖీమాయే. అంటే, అమెరికన్ బర్గర్‌కి దగ్గరగా ఉండే కొవ్వు, రసం ఉన్న మాంసం ఢిల్లీలో దొరికేది బర్గర్ కొట్లలో కాదు, పాతబస్తీ కబాబ్ అంగళ్ళలో. 2015 అక్టోబరులో కేరళ హౌస్ క్యాంటీన్‌లో ఆవుమాంసం వడ్డిస్తున్నారని ఫిర్యాదు వస్తే పోలీసులు వెళ్ళారు, తీరా అది గేదె మాంసం. రాష్ట్ర భవన్ల క్యాంటీన్లు ఢిల్లీవాళ్ళకు ఎంత దగ్గరో తెలిసినవాళ్ళకు ఆ రోజు రేగిన దుమారం అర్థమవుతుంది. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ ముందు ఆదివారం బిర్యానీకి చాంతాడంత క్యూ కట్టేవాళ్ళలో తెలుగువాళ్ళకన్నా పంజాబీలే ఎక్కువ కనిపిస్తారు.

గొడ్డుమాంసం లేదు గనక ఢిల్లీ వంటవాళ్ళు తమ తెలివంతా మటన్, చికెన్, పనీర్, బంగాళాదుంపల మీద పెట్టారు. దానికి మంచి ఉదాహరణ బర్గర్ సింగ్. కబీర్ జీత్ సింగ్ ఇంగ్లండ్‌లో చదువుకునేటప్పుడు ఒక బర్గర్ కొట్లో పనిచేస్తూ, ఉన్న సరుకులోకి మన మసాలాలు కలిపి తోటివాళ్ళకు పెట్టేవాడు. తిరిగొచ్చి 2014లో గుర్గావ్‌లో మొదటి దుకాణం తెరిచాడు. ఉడ్తా పంజాబ్ అని పేరుపెట్టిన బర్గర్‌తో సహా పట్టికంతా పంజాబీ హాస్యమే. నిరులాస్ మటన్ బిళ్ళలో అల్లం, పచ్చిమిర్చి వేసి మొదలుపెట్టిన పనికి ఇది కొనసాగింపే. కాకపోతే నిరులాస్ అమెరికాలా కనిపించాలని తాపత్రయపడింది, ఇది పంజాబ్‌లా కనిపించాలని పట్టుబట్టింది. ఇలాంటి దుకాణాలు పెద్ద గదుల మీద డబ్బు పెట్టవు. చిన్న వంటగది, నాలుగు కుర్చీలు, బయట డెలివరీ కుర్రాళ్ళ మోటార్ సైకిళ్ళు. ఈసారి కేంద్రం ఏ బజారుకీ జరగలేదు, ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చేసింది. అలా వచ్చిన బర్గర్‌కి ఒక జబ్బు ఉంది. పెట్టెలో ఆవిరి పట్టి బన్ను మెత్తబడిపోతుంది. రుచి కావాలనుకున్నవాళ్ళు కొట్టు దగ్గరికి వెళ్ళి వేడిగా తినడమే మేలు.

బర్గర్ ఎంత కంపెనీ సరుకైనా పొలానికి దూరం కాలేదని 2023 జులై తేల్చింది. ఉత్తరాదిలో వానల దెబ్బకు మంచి టమాటా దొరకక, ఢిల్లీ మెక్‌డొనాల్డ్స్ కొట్లలో కొన్ని బర్గర్లలో టమాటా వేయలేకపోతున్నామని కాగితం అంటించారు. అప్పుడు మదనపల్లె మార్కెట్లోనూ టమాటా ధర రైతులు ఎన్నడూ చూడనంత ఎత్తుకు ఎక్కింది. వీధి బండివాళ్ళు ఏ కాగితమూ అంటించలేదు. టమాటా సాస్ తగ్గించి, చింతపండు పచ్చడి పెంచారు.

ఇప్పుడు ఈ చరిత్రంతా ఒక్క రోజులో తిని రావాలనుకునేవారికి మెట్రో పసుపు లైన్ చాలు. ఉత్తరాన విశ్వవిద్యాలయ స్టేషన్‌లో దిగి రిక్షా ఎక్కితే కమలా నగర్, సాయంత్రమైతే బన్ టిక్కీ. చావ్‌డీ బజార్‌లో దిగి జనం మధ్యలోంచి నడిస్తే జామా మసీదు కబాబులు, రొట్టె అక్కడే కొనుక్కోవచ్చు. రాజీవ్ చౌక్‌లో దిగితే కన్నాట్ ప్లేస్, వెంగర్స్ ప్యాటీ ఒకటి కట్టించుకుని వరండాలో నిలబడి తినొచ్చు. మాలవీయ నగర్ నుంచి కాస్త దూరంలో సెలెక్ట్ సిటీవాక్, మంటమీద కాల్చిన వాసన ఇష్టపడేవారికి అక్కడి వాపర్. ఎంజీ రోడ్ దాకా పోతే గుర్గావ్, కారం తట్టుకోగలిగితే బర్గర్ సింగ్. బసంత్ లోక్ ఒక్కటే ఈ దారిలో పడదు. దానికి హౌజ్ ఖాస్‌లో మెజెంటా లైన్‌కి మారి వసంత్ విహార్‌లో దిగాలి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. కడుపులో చోటు చూసుకుని బయల్దేరేవాళ్ళు టిక్కీని చివరికి ఉంచుకుని దక్షిణం నుంచి ఉత్తరానికి రావడం మంచిది. కమలా నగర్ బండ్లు వెలిగేది పొద్దుగూకే వేళకే, పైగా అక్కడి ధర అన్నిటికన్నా తక్కువ.